పుట్టింటి ఇసుక, మామగారి గడియారం

తెనాలిలో రేడియేషన్‌ను మొట్టమొదట పట్టుకున్న మనిషిని నేనే. పేపర్లో రాలేదు గనక మీకు తెలిసి ఉండదు. ఎనభై ఆరో సంవత్సరం వానాకాలంలో, నందివెలుగు రోడ్డు పక్కన ఒక మరమరాల బట్టీలో, ఈ ఎడమచేత్తోనే పట్టుకున్నాను. ఆ రోజు నేను గనక అటు వెళ్లకపోతే ఊరు ఏమయ్యేదోనని ఎన్ని పెళ్లిపందిళ్లలో చెప్పానో, రేపల్లె పాసింజర్లో ఎంతమందిని నోరు తెరుచుకుని వినేలా చేశానో నాకే గుర్తులేదు.

కాగితం మీద పెడుతున్నాను గనక కొంచెం తగ్గించి చెబుతాను. అప్పట్లో కొందరు నన్ను సైంటిస్టు అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను. నిజానికి నేను ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ని. బీరువా తాళాలు నా దగ్గర ఉండేవి. ఆ బీరువా పై అరలో గీగర్ కౌంటర్ అనే పెట్టె ఉండేది. క్యారేజీ కంటే కాస్త పెద్దది. ముందు ఒక ముల్లు, పక్కన చిన్న స్పీకరు, వైరు చివర జానెడు గొట్టం. రేడియేషన్ వచ్చి గొట్టానికి తగిలినప్పుడల్లా టిక్కుమంటుంది. ఏడాదికి రెండుసార్లు, ప్రాక్టికల్స్ కోసం మాత్రమే కిందికి దిగేది.

దాంతో ప్రయోగాలకి రేడియోధార్మిక పదార్థం ఉన్న బిళ్ల ఒకటి, చొక్కా గుండీ అంతది, సీసపు డబ్బాలో విడిగా ఉండేది. ఆ బిళ్ల విషయంలో మా లెక్చరర్ మేడమ్ ఎవర్నీ నమ్మేవారు కాదు. పొడుగాటి పట్టకారుతో తప్ప ముట్టుకోకూడదు. పని కాగానే డబ్బాలో పెట్టి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. చేతులు కడుక్కోవాలి. ఆ గదిలో మంచినీళ్లు కూడా తాగకూడదు. నా అన్నం క్యారేజీని వరండాలోకి తరిమింది ఆ బిళ్లే.

"మీ క్యారేజీ మీద నాకేం కోపం లేదండి," అనేవారు మేడమ్. "దూరంగా ఉండటం, తొందరగా ముగించటం, మధ్యలో సీసం అడ్డం పెట్టడం. ఇవి మర్చిపోనంతవరకూ ఆ బిళ్ల మనల్నేం చెయ్యదు."

తల ఊపేవాణ్ణి గానీ నమ్మేవాణ్ణి కాదు. ఏమీ చెయ్యని దానికి సీసపు పెట్టె ఎందుకు? ఈవిడకి ఏదో తెలుసు, మనకి చెప్పటం లేదు అని నా అనుమానం. నా క్యారేజీ వరండాలో చీమలు పట్టినప్పుడల్లా ఆ అనుమానం ఇంకాస్త ముదిరేది.

ఆ ఏడు వేసవిలో సోవియట్ దేశంలో అణు విద్యుత్ కేంద్రం ఒకటి పేలిపోయింది. గాలిలో విషం కొట్టుకొస్తోందనీ, ఆ దేశాల పాలల్లో, వెన్నలో రేడియేషన్ చేరిందనీ పేపర్లలో వచ్చింది. అంతే, ఊరికి అనుమానం పట్టుకుంది. తొలకరి వానకి తడిసిన పిల్లల్ని తల్లులు రెండేసిసార్లు తలస్నానం చేయించారు. మా వీధిలో ఒకాయన ఎప్పటిదో ఫారిన్ పాలపొడి డబ్బా మురిక్కాలవలో పారబోసి, ఆ తర్వాత ఆ కాలవ పక్కన నడవడం మానేశాడు. రేపల్లె నుంచి వచ్చే చేప రుచి మారిందని ఒకరు, బాపట్ల సముద్రం రంగు మారిందని ఇంకొకరు. బాపట్ల ఎప్పుడూ చూడనివాళ్లు కూడా.

సరిగ్గా అప్పుడే మేడమ్ వాళ్లమ్మగారికి బాగోలేదని వారం పైన సెలవు పెట్టి బాపట్ల వెళ్లారు. బీరువా ఉంది, తాళం నా జేబులో ఉంది. ఒకరోజు సాయంత్రం పెట్టెను సంచిలో పెట్టుకుని సైకిలెక్కాను.

ఊళ్లోవాళ్లు నన్ను ఎలా పిలిచారో, ఎన్ని ఇళ్లలో కాఫీలు ఇచ్చారో చెబితే గొప్పలంటారు. పాలడబ్బాల ముందు గొట్టం పెట్టాను, ఉప్పు జాడీల ముందు పెట్టాను, ఒక ముసలాయన తన గుండె మీద పెట్టించుకున్నాడు. ఎక్కడ పెట్టినా అదే తీరు. టిక్... టిక్ టిక్... కాసేపు ఆగి మళ్లీ టిక్. కుడిచేత్తో గొట్టం పట్టుకుని, పెట్టెను బల్ల మీదో అరుగు మీదో పెట్టి, కళ్లు చిట్లించి, "పర్లేదు, ప్రస్తుతానికి," అనేవాణ్ణి. "ప్రస్తుతానికి" అన్న మాటకి జనం నన్ను మరీ గౌరవించారు.

సోమవారం పొద్దున బట్టీకి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. వేడివేడి వేరుశనక్కాయలు పెడతారని వెళ్లాను.

బట్టీ నడిపేది ఒకావిడ. నాకంటే పదేళ్లు పెద్దది, నేను అక్కా అనేవాణ్ణి. రైళ్లలో పిడతకిందపప్పు అమ్మేవాళ్లంతా ఆవిడ దగ్గరే మరమరాలు కొనేవాళ్లు. ఆవిడ మరమరాలు అంత పొంగడానికి కారణం ఇసుక. పెద్ద మూకుట్లో ఇసుక ఎర్రగా కాగాక, ఉప్పునీళ్లు చల్లి ఆరబెట్టిన బియ్యం పోస్తే క్షణంలో ఉబ్బి పైకి తేలతాయి. జల్లెడ పడితే ఇసుక కిందికి, మరమరాలు పైకి. ఆ ఇసుకని మళ్లీ మూకుట్లోకే. బట్టీలవాళ్లలో ఒక అలవాటు ఉంది, కొత్త ఇసుకతో కొత్త బట్టీ పెట్టరు. పుట్టింటి బట్టీలో ఏళ్లతరబడి కాగిన ఇసుక తెచ్చుకుని, అరిగిపోయిన మేరకు కొత్తది కలుపుకుంటూ పోతారు. ఈవిడ పుట్టిల్లు రేపల్లె. వాళ్లమ్మ కాలంలో బాపట్ల ఒడ్డున అలలు వెనక్కి పోయేటప్పుడు వదిలే నల్లటి చారలోంచి ఇసుక ఎత్తి, కర్లపాలెం మీదుగా బండ్లలో తెచ్చి, కృష్ణ ఇసుకలో కలిపారట. నల్లిసుక బరువుగా ఉంటుంది, వేడి నిలబెడుతుంది.

"మా అమ్మ నాకు బంగారం పెట్టలా తమ్ముడూ, ఇసుక పెట్టింది," అనేది ఆవిడ.

ఆ పొద్దున పిడతకిందపప్పు వాళ్లు ముగ్గురు ఖాళీ సంచులతో నిలబడి ఉన్నారు. ముందు వాకిట్లో చూశాను. మామూలే. బియ్యం బస్తా, మామూలే. మూకుడు పక్కన చల్లారబెట్టిన నల్లిసుక కుప్ప కనబడింది. పెట్టె భుజానికి తగిలించుకున్నాను. గొట్టాన్ని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చి, కుడిచేత్తో గుప్పెడు ఇసుక తీసి గొట్టం ముందు పెట్టాను.

రేకుల మీద వడగళ్లు పడ్డట్టు మోగింది. టకటకటకటక ఆగకుండా. ముల్లు ఆ చివరికి పోయి కొట్టుకుంది. విరిగి కింద పడిందని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. విరగలేదు.

"ఏంటి తమ్ముడూ అది? ఎందుకట్లా అరుస్తంది?"

"అక్కా, నీ ఇసుకలో రేడియేషన్ ఉంది."

"ఉంటే ఉందిలే. జల్లెడ పడతాగా."

"జల్లెడకి దొరికేది కాదు."

"మరి నీ పెట్టెకెట్లా దొరికింది?"

ముగ్గురిలో ఒకడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. గొంతు పెంచి, ఈ ఇసుకని వెంటనే దూరంగా పారబొయ్యాలని చెప్పాను.

"దూరం అంటే?"

"ఊరికి దూరంగా. కాలవలో."

"కాలవ కిందవాళ్లు మనుషులు కారా?" ఆవిడ గరిట కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "నిజం చెప్పు. అంగలకుదురు బట్టీవాడు ఏమన్నా చెప్పి పంపాడా నిన్ను?"

అమ్మతోడు కాదన్నాను. నిజంగానే కాదు. కాకపోతే అంతకు ముందురోజు ఆ బట్టీలో శనక్కాయలు తిన్న మాట నిజం. దానివల్ల నా అమ్మతోడు కొంచెం నీరసంగా వచ్చింది. ఆవిడ అది కనిపెట్టింది. ముగ్గురు కొనేవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకున్నారు. వాళ్లు రోడ్డెక్కడం నేను చూశాను. సాయంత్రానికల్లా స్టేషన్‌లో ఇదే మాట. మర్నాటికి ఆవిడ మరమరాలు తింటే జుట్టు ఊడుతుందన్నారు. ఆ మర్నాటికి, ఆవిడ బుగ్గలు బట్టీ సెగకి కాదు, దానివల్లే ఎర్రబడ్డాయన్నారు.

ఆ వారమంతా ఒక్క సంచీ అమ్ముడుపోలేదు. ఆవిడ నల్లిసుకని నాలుగు గోతాల్లో కట్టి పెరట్లో పెట్టి, ఉత్త ఏటి ఇసుకతో ప్రయత్నించింది. బియ్యం సగం మాడాయి, సగం పొంగలేదు. అటు వెళ్లినవాళ్లు చూసి వచ్చి చెప్పారు. నేను అటు వెళ్లలేదు. మా ఇంట్లో కూడా ఆవిడ దగ్గర కొన్న మరమరాలు డబ్బాడు ఉంటే, పై అరలోకి తోసేశాం. ఎవరూ ముట్టుకోలేదు.

మళ్లీ సోమవారం మేడమ్ వచ్చారు. పదకొండింటప్పుడు బట్టీ అక్క కాలేజీలోకి నడిచి వచ్చింది. ఎవరు దారి చెప్పారో, తిన్నగా ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో తువ్వాలు మూట.

"నమస్కారమండి. మీ అటెండరు గారు మా ఇసుక విషం అన్నారు. రేపు పొద్దున బండి వస్తంది, ఊరవతల పోయించడానికి. మా అమ్మ చేతి ఇసుకండి అది. పోతే మళ్లీ రాదు. నిజంగా విషమైతే నేనే పోస్తా. కానీ ఒక్కసారి మీ కళ్లతో చూసి చెప్పండి."

మేడమ్ నా వంక చూశారు. పెట్టె బయటికి ఎలా వెళ్లిందని అప్పుడు అడగలేదు. తర్వాత అడిగారు, అది వేరే కథ, అందులో నేను బాగా కనపడను.

ముందు ఖాళీ బల్ల మీద గొట్టం పెట్టి, గోడ గడియారం చూసి నిమిషం పాటు టిక్కులు లెక్కపెట్టమన్నారు.

"బల్ల మీద ఏముందని మేడమ్?"

"ఏమీ లేదని మీరెలా చెప్పగలరు?"

ఇరవై రెండు వచ్చాయి. మళ్లీ చూస్తే ఇరవై ఐదు. మళ్లీ చూస్తే ఇరవై. బట్టీ అక్క బల్ల కిందికి వంగి చూసింది.

"అమ్మో, ఇక్కడ కూడా ఉందండీ?"

"అంతటా ఉంటుందమ్మా. పైనుంచి వస్తుంది, నేలలోంచి వస్తుంది, ఈ గోడ ఇటుకల్లోంచి వస్తుంది. మనం తినే తిండిలో కాస్త ఉంటుంది గనక మన ఒంట్లోంచీ వస్తుంది. పుట్టినప్పటి నుంచీ దీని మధ్యే ఉన్నాం. ముందు ఇది ఎంతో తెలిస్తే తప్ప, ఇసుకలో ఎక్కువో కాదో చెప్పలేం."

నేను నా చేతుల వంక చూసుకున్నాను. అంతవరకూ లోకాన్నంతా అనుమానించాను గానీ నన్ను నేను అనుమానించడం గుర్తురాలేదు.

ఇసుకని కాగితం మీద పరిచి, అంతే దూరంలో గొట్టం పెట్టి చూశారు. ముప్పై ఒకటి. మళ్లీ ఇరవై తొమ్మిది. గుమ్మంలో నల్లరాతి మెట్టు మీద పెట్టారు. ముప్పై.

"ఈ నల్లిసుకలో కొంచెం ఎక్కువ ఉంటుంది, నిజమే. బాపట్ల ఒడ్డున మేం చిన్నప్పుడు ఆ చార మీదే గవ్వలేరుకునేవాళ్లం. కానీ ఇది ఈ గుమ్మంలో రాయి ఎంతో అంతే."

"మరి తినేవాళ్లకి అంటుకుంటుందా అమ్మా?"

మేడమ్ గొట్టం పక్కన పెట్టారు. "కిరసనాయిలు దీపం ఉందనుకోండి. వెలుతురు మీ చెయ్యి మీద పడుతుంది. దీపం తీసేస్తే వెలుతురు చేతికి అంటుకుని ఉండిపోదు గదా. కిరసనాయిలు ఒలికితే మాత్రం కడిగేదాకా వదలదు. ఈ ఇసుక నుంచి వచ్చేది వెలుతురు లాంటిది. బియ్యానికి పట్టుకుని ఉండదు. ఇసుక రేణువే నోట్లోకి, ముక్కులోకి పోకుండా చూసుకోవాలి. బాగా జల్లించండి. జల్లించేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. అది ఏ ఇసుకైనా కట్టుకోవాల్సిందే."

"మరి ఆ రోజు అంత అరిచిందేంటండి?" అంటూ అక్క నా మొహం వంక కాదు, నా చేతి వంక చూసింది. అమర్యాదగా అనిపించింది. మేడమ్ కూడా అటే చూశారు.

"ఆ రోజు గొట్టం ఎలా పట్టుకున్నారో పట్టుకోండి."

ఎడమచేత్తో పట్టుకున్నాను.

"ఆ మణికట్టు మీద తెల్లగా ఉందేంటండి? గడియారం ఏదీ?"

ఆ గడియారం గురించి చెప్పాలి. మా మామగారు మిలిటరీలో చేసి వచ్చారు. పెళ్లిలో నాకు పెట్టిన గడియారం అది. చీకట్లో అంకెలు, ముళ్లు ఆకుపచ్చగా వెలిగేవి. సినిమాహాల్లో దీపాలు తీసేశాక కావాలని చెయ్యి చాపి టైము చూసుకునేవాణ్ణి, వెనక వరసవాళ్లకి కనపడేలా. దురదృష్టం ఏమిటంటే, ఆ వారమే దాని పట్టీ తెగి, రిపేరు షాపులో ఇచ్చి ఉన్నాను. లేకపోతే ఆ కిటుకు నేనే కనిపెట్టి ఉండేవాణ్ణని ఈ రోజుకీ నా నమ్మకం. రిపేరుకిచ్చానని చెప్పాను. తీసుకురమ్మన్నారు. సైకిలేసుకుని వెళ్లి తెచ్చాను.

మేడమ్ దాన్ని గొట్టం దగ్గర పెట్టారు. రేకుల మీద వడగళ్లు.

"అదే! అదేనమ్మా ఆ అరుపు!" అంది బట్టీ అక్క, చెంగుతో కళ్లొత్తుకుంటూ. నవ్వో ఏడుపో తెలియలేదు. "మా అమ్మ ఇసుక కాదు, నీ గడియారం తమ్ముడూ!"

పాతకాలపు గడియారాల అంకెలకి రేడియం కలిపిన రంగు పూసేవాళ్లట. అద్దం సరిగా ఉన్నంతకాలం అంత భయం లేదు, విప్పడం, గీకడం మాత్రం చెయ్యకూడదు, ఆ రంగు పొడి లోపలికి పోతేనే అసలు ప్రమాదం అన్నారు మేడమ్. పందొమ్మిదేళ్లుగా దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నానని చెప్పలేకపోయాను. ఒక రేకు డబ్బాలో పెట్టి, పైన కాగితం అంటించి, బీరువా వెనక మూల దాచారు.

ఆ సాయంత్రం నేను స్వయంగా స్టేషన్‌కి వెళ్లి, పిడతకిందపప్పు అమ్మే ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఇసుకది తప్పు కాదు, నా గడియారానిది అని చెప్పాను. నా అంతట నేనే వెళ్లానని రాద్దామనుకున్నాను. మేడమ్ పంపారు. వెనకాల బట్టీ అక్క కూడా వచ్చింది, నేను ఒక్కర్ని కూడా వదిలెయ్యకుండా చూడటానికి. "ఇంకాస్త గట్టిగా చెప్పు తమ్ముడూ, ఆయనకి వినపళ్లా," అంటూ. మర్నాడు వచ్చిన బండి ఖాళీగా తిరిగిపోయింది. నాలుగు గోతాలూ మళ్లీ మూకుడు పక్కకి చేరాయి.

కాబట్టి ఊరిని కాపాడానన్నది ఎక్కువ. రేడియేషన్‌ను పట్టుకున్నానన్నది మాత్రం అబద్ధం కాదు. పట్టుకునే ఉన్నాను, పందొమ్మిదేళ్లుగా, చేతికి కట్టుకుని. తెలియక చేసిన పొరపాటు. తెలిసిన మరుక్షణం నలుగురిలో ఒప్పుకున్నాను. ఆ మాట వరకూ నాకు తృప్తి.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. గోంగూర ఒలుస్తూ వింది. కాడలు పక్కకి నెట్టి అప్పుడు అంది:

"ఏ రిపేరు షాపండీ? పట్టీ ఎప్పుడు తెగింది? బట్టీకి వెళ్లొచ్చిన మర్నాడు, మంగళవారం, ల్యాబ్ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చి, మా నాన్న గడియారాన్ని మరమరాల డబ్బాలో కుక్కారు. ఆ డబ్బా ఎవరూ తెరవరని. భయమేసి అవి పారబోద్దామని ఆ సాయంత్రమే తెరిచాను. చేతికి గడియారం తగిలింది. పెట్టె అరిచింది ఇసుకకి కాదు, దీనికేనని మీకు తెలిసిపోయిందని అప్పుడే అర్థమైంది. మళ్లీ అందులోనే పెట్టేశాను. మీరు నోరు తెరుస్తారని ఆదివారం దాకా చూశాను. తెరవలా. చర్చి నుంచి వస్తూ బట్టీకి వెళ్లి, రేపు మేడమ్ గారు వస్తారు, ఇసుక పట్టుకుని వెళ్లు, మా ఆయన ఎడం చెయ్యి చూడమను అని చెప్పింది నేను. తెలియక కాదు. తెలిసి ఆరు రోజులు ఊరుకున్నారు. అది రాయండి."